కళ్ళద్దాలు తుడుచుకునేంతసేపు

లెక్కల టీచరుగారు పోయారన్న కబురు మా పాత స్టాఫు వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే ఎవరో పెట్టారు. దానికి వచ్చిన మొదటి జవాబు: "నోటెడ్ సార్."

పాపం, ఆ జవాబు పెట్టినాయన తప్పేమీ లేదు. ఈ రోజుల్లో పంతులు ఫోను మోగిందంటే పైనుంచి ఏదో ఆర్డరు దిగినట్టే లెక్క. మధ్యాహ్న భోజనం గుడ్ల ఫోటోలు పంపండి, నోటెడ్ సార్. మరుగుదొడ్ల ఫోటోలు పంపండి, నోటెడ్ సార్. అలవాటు కొద్దీ బొటనవేలు ముందు నొక్కేస్తుంది, కళ్ళు తరవాత తీరిగ్గా చదువుకుంటాయి. ఆయన నాలిక్కరుచుకుని చెరిపేలోగా ఆ నోటెడ్ కింద ఇంకో ఇద్దరు నోటెడ్ పెట్టేశారు. ఆ వెనకాలే మా హెడ్మాస్టరుగారు బొటనవేలు పైకెత్తిన బొమ్మ ఒకటి పెట్టారు.

ఏడుపు రావలసిన చోట నాకు నవ్వొచ్చింది. టీచరుగారే ఉంటే ఆ ఫోను చేతిలోకి తీసుకుని, కాస్త దూరంగా పట్టుకుని చూసి, "చదవకుండానే అర్థమైపోయిందండీ అందరికీ. మిషను ఎంత బాగా నేర్పిందో!" అనేవారు. అది తల్చుకున్నాక మాత్రం ఏడుపే వచ్చింది.

రాజోలు దాటాక కాలవ గట్టు మీద ఉండే హైస్కూల్లో ఆవిడ లెక్కలు చెప్పేవారు, నేను బయాలజీ చెప్పేవాణ్ణి. మనిషి పొట్టి. మబ్బు పట్టినా గొడుగు, పట్టకపోయినా గొడుగు. తాటిపాకలో ఆటో ఎక్కి, గట్టు మొదట్లో దిగి, అక్కణ్ణించి నడిచొచ్చేవారు. ఆటోవాడు "ఇస్కూలు దాకా దింపేత్తాను రండి టీచరుగారూ" అంటే, "నడిస్తే పాఠం ఒకసారి తిరగేసినట్టుంటదండీ" అనేవారు. పాతికేళ్ళ పైగా చెప్పిన పాఠాన్ని ఇంకా తిరగెయ్యడమేమిటో ఆటోవాడికి ఎన్నటికీ అర్థం కాలేదు.

ఆవిడకి ఒక జబ్బు ఉండేది. ప్రశ్న వేసి ఊరుకునేవారు.

ఇందులో వింతేముందని మీరు అడగొచ్చు. మా పంతుళ్ళ సంగతి మీకు తెలియదు. మేం ప్రశ్న వేస్తాం. వేసిన ఊపిరితోనే జవాబు కూడా మేమే చెప్పేస్తాం. చెప్పేసి "అర్థమైందా?" అంటాం. పిల్లలు "ఆయ్" అంటారు. మా కోనసీమలో పెద్దవాళ్ళు ఏం చెప్పినా "ఆయ్" అనడం మర్యాద, పిల్లలు మర్యాదస్తులు, మేం తృప్తి పడి తరవాత పేజీ తిప్పుతాం. ఇలా వెళ్ళే బండిని ఆవిడ ఒక్కరే ఆపేవారు. పిల్లని లేపి ప్రశ్న వేసేవారు. వేసి, కళ్ళద్దాలు తీసి, చీర కొంగుతో ముందు ఒక అద్దం, తరవాత రెండో అద్దం తుడుచుకునేవారు. అంతసేపూ పిల్ల మొహం కేసి చూసేవారు కాదు. కళ్ళద్దాలు లేకుండా చూసినా ఆవిడకేమీ కనపడదనుకోండి. పిల్లలకి కావలసిందీ అదే. ఎవరూ చూడని ఆ కాస్త వ్యవధిలో వాళ్ళు నిమ్మళంగా ఆలోచించుకునేవారు.

పిల్లలు లెక్కల్ని ఆ కొలతతోనే చెప్పుకునేవారు. ఇది ఒక అద్దం లెక్క, అది రెండద్దాల లెక్క అని. జిల్లా మొత్తం మీద అంత శుభ్రమైన కళ్ళద్దాలు ఇంకెవరికీ ఉండేవి కావు.

హెడ్మాస్టరుగారికి ఇది ససేమిరా గిట్టేది కాదు. ఆయన చెడ్డవాడు కాదు, కంగారు మనిషి. పైవాళ్ళు తుమ్మితే ఈయన ముక్కు తుడుచుకునే రకం. "టీచరుగారూ, మీ పోర్షను ఎప్పటికవుతాదండీ?" అని నెలకోసారి అడిగేవారు.

"పోర్షను ఎప్పుడో అయిపోయిందండీ, పుస్తకం అచ్చేసిన రోజే. ఇంక అవాల్సింది పిల్లలేనండి," అనేవారు ఆవిడ.

"అలాగంటే ఎలాగండీ! కాస్త తొందరపెట్టాలి మరి."

"చెట్టెక్కేవాణ్ణి కిందనుంచి తొందరపెట్టకూడదండీ. కాయ రాదు, మనిషొస్తాడు."

ఆయనా కొబ్బరిచెట్ల మధ్య పుట్టి పెరిగినవాడే. హెడ్మాస్టరుగారు "ఆయ్" అని వెళ్ళిపోయేవారు.

అలా రోజులు వెళ్తుండగా మా ఇస్కూలుకి కంప్యూటరు చదువు వచ్చింది. రావడం కూడా లారీలో వచ్చింది. నల్లబల్లని పీకేసి ఆ గోడకి మనిషంత తెర బిగించారు. వేలితో రాస్తే రాస్తుంది, ముట్టుకుంటే మాట్లాడుతుంది. పిల్లలు దానికి పెద్దఫోను అని పేరు పెట్టారు. హెడ్మాస్టరుగారు దాని ముందు కొబ్బరికాయ కొట్టించారు. ఒక్క మతంతోనే సరిపెడితే బాగుండదని "టీచరుగారూ, మీరూ రెండు ముక్కలు ప్రార్థన చెయ్యండి" అన్నారు. ఆవిడ గొడుగు పక్కన పెట్టి, కొంగు తల మీదకి లాక్కుని, కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ యంత్రమునకు ఓర్పు దయచేయుము, మాకును దయచేయుము, ఆమేన్" అన్నారు. హెడ్మాస్టరుగారు కూడా గట్టిగా ఆమేన్ అన్నారు. దేనికి ఆమేన్ అంటున్నదీ ఆయనకి తెలియదు.

తెరతోపాటు సిగ్నలు బెడద కూడా వచ్చింది. మా ఇస్కూలు ఆవరణ మొత్తంలో నెట్టు అందే చోటు ఒక్కటే, సైకిల్ స్టాండు. పొద్దున్నే హాజరుకి మా మొహాలు ఫోనులో చూపించాలి గనక స్టాఫంతా అక్కడ చేరి ఫోన్లు పైకెత్తి నిలబడేవాళ్ళం. చర్చికి వెళ్ళేవాళ్ళూ, గుడికి వెళ్ళేవాళ్ళూ అంతా ఒకేలా చేతులెత్తి ఆకాశం కేసి చూసే చోటు అదొక్కటే. మతసామరస్యం సిగ్నలు వల్ల వస్తుందని అంతవరకూ ఎవరికీ తోచలేదు.

ఆ తెర మీద నేను చెప్పిన మొదటి పాఠం కొబ్బరిచెట్టు. ఎండ పడి బొమ్మ కనపడటం లేదని కిటికీలు మూయించాను. రెక్కలు ఊడిన కిటికీలకి తడికలు అడ్డం పెట్టించాను. ఆ తడికలు కొబ్బరాకులతో అల్లినవి. బయట కిటికీని ఆనుకుని ఉన్న కొబ్బరితోట కనపడకుండా కొబ్బరాకులు అడ్డం పెట్టి, చీకట్లో పిల్లలకి కొబ్బరిచెట్టు బొమ్మ చూపిస్తున్నానన్నమాట. అది ఏ దేశపు చెట్టో, సముద్రం పక్కన నడుం వంచుకుని నిలబడింది. "ఈ చెట్టుకి కాయలు దింపలేదేంటండీ, ఎండి రాలిపోతన్నాయి?" అని ఒక పిల్ల అడిగింది. అది సిలబస్‌లో లేదన్నాను.

ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. "మేష్టారూ, బయట నిలబడ్డ ఆయన కూడా పాఠం వింటారంటండీ. ఆయన గురించే కదా! కిటికీ తీస్తారా?" అన్నారు.

తీశాను. తెర మీద బొమ్మ మాయమైపోయింది, బయట చెట్టు లోపలికి వచ్చింది. ఆ పూట పాఠం ఎలా జరిగిందో గానీ, తెరకి మాత్రం విశ్రాంతి దొరికింది.

ఆవిడ తెరని వాడలేదనుకోకండి. నాకంటే బాగా వాడేవారు. గుండ్రాలూ కోణాలూ తిప్పి చూపించడానికి దీనికి మించింది లేదండీ అనేవారు. ఆవిడకి పేచీ అంతా అందులో పాఠం చెప్పే గొంతుతోనే. ఆ గొంతు ఒక ఆడమనిషిది. తేనె పూసినట్టుండేది. పాఠం చెప్పి, "ఇప్పుడు మీరు చెప్పండి పిల్లలూ!" అని ప్రశ్న వేసి, మనం గుటక వేసేలోగా "చాలా బాగా చెప్పారు!" అని మెచ్చుకుని ముందుకి వెళ్ళిపోయేది. వర్షాకాలం సెలవిచ్చిన రోజు ఖాళీ గదిలో పెట్టి చూశాం. అప్పుడు కూడా చాలా బాగా చెప్పామంది.

ఆవిడ వేలితో నొక్కి ఆ గొంతుని ఆపేవారు. "ఒక్క నిమిషం ఉండండమ్మా, మా పిల్లలు ఆలోచిస్తన్నారు" అనేవారు, ఎదురుగా నిలబడ్డ మనిషితో అన్నట్టు. కళ్ళద్దాలు తుడుచుకునేవారు. పిల్లలు జవాబు చెప్పాక "ఆ, ఇప్పుడు మెచ్చుకోండి" అని మళ్ళీ నొక్కేవారు. తెర మెచ్చుకునేది. పిల్లలు పడీ పడీ నవ్వేవారు.

ఒకరోజు స్టాఫు రూములో నాతో అన్నారు: "తెరలో ఆవిడగారు మంచివారేనండీ. చెప్పడం బానే చెప్తారు. వినడమే నేర్పలేదు పాపం ఎవరూ."

ఇంతవరకూ అంతా వేళాకోళమే. పలకంత కంప్యూటర్లు, అంటే టాబ్‌లు, వచ్చాక వేళాకోళం పోయింది.

పిల్లలకి ఎంత వచ్చో ఆ టాబ్‌లే పరీక్ష పెట్టి తేలుస్తాయన్నారు. ప్రశ్న పైన ఒక గీత ఉండేది. ఆ గీత కొవ్వొత్తిలా తరిగిపోతూ ఉండేది. అది అయిపోతే ప్రశ్న దానంతటదే వెళ్ళిపోయి ఇంకోటి వచ్చేది. చివర్లో పిల్లలకి రంగులు వచ్చేవి. పచ్చరంగు వస్తే తెలివైనవాళ్ళు, పసుపు వస్తే ఫరవాలేదు, ఎరుపు వస్తే చెప్పినా దండగ. దండగ అన్న మాట వాళ్ళు వాడలేదు, ప్రత్యేక శ్రద్ధ అన్నారు. ఆ శ్రద్ధ ఏమిటంటే ఎరుపు పిల్లల్ని వేరే గదిలో కూర్చోబెట్టి ఒంటి అంకెల కూడికలు చేయించడం.

తొమ్మిదో తరగతిలో దీవెన అనే పిల్ల ఉండేది. తండ్రి లేడు. తల్లి కొబ్బరిపీచు మిల్లులో పనిచేసేది. ఈ పిల్ల నిదానస్తురాలు. నత్తి లేదు, భయమూ లేదు. ప్రశ్న వింటే దాన్ని లోపలికి తీసుకెళ్ళి, తలుపేసుకుని, అన్ని పక్కలా తిప్పి చూసుకుని గానీ బయటికి వచ్చేది కాదు. అంతసేపూ పెదాలు మాత్రం కదిలేవి. టీచరుగారి క్లాసులో ఆ పిల్లవి అన్నీ రెండద్దాల జవాబులే, కానీ ఒక్కటీ తప్పు పోయేది కాదు. టాబ్ దగ్గర రెండద్దాల వేళ ఎవరిస్తారు? ఒక్క ప్రశ్న కూడా ఆ పిల్ల వచ్చేదాకా ఆగలేదు. నిప్పులాంటి ఎరుపు వచ్చింది.

తరవాతి సోమవారం తల్లి ఇస్కూలుకి వచ్చింది. కొట్లాటకి రాలేదు, సెలవు తీసుకోవడానికి వచ్చింది.

"పిల్లని మానిపించేత్తానండీ. రాజోల్లో కుట్టుమిషను నేర్పుతారంట. రెండు మూడేళ్ళాగితే కువైట్లో మా చెల్లి ఉందండి, ఇంటిపనికి పిలిపించుకుంటానంది."

"ఎందుకమ్మా మానిపించడం? మీ పిల్లకి లెక్కలు బ్రహ్మాండంగా వచ్చు," అన్నారు టీచరుగారు.

"మీరు మంచోరండి, అలాగే అంటారు. పిల్లంటే మీకు ప్రేమండి. మిషనుకేం ప్రేమండీ? పగా లేదు, ప్రేమా లేదు. అదే చెప్పేసింది గదండీ రాదని."

"ఈ మిషను కాదందని తీసుకెళ్ళి ఆ మిషను మీద కూర్చోబెడతారా?"

ఆ తల్లి ఏడాది చివరిదాకా ఉంచుతానని, అప్పుడు మళ్ళీ టాబ్‌లో పరీక్ష ఉందంట కాబట్టి అది కూడా చూసి తీసుకుపోతానని చెప్పి వెళ్ళింది. ఆ తల్లి లెక్కలో తీర్పు అయిపోయింది, పైకోర్టు ఒక్కటే మిగిలింది. ఆ కోర్టులోనూ జడ్జీ టాబే.

ఇది జరిగిన కొన్నాళ్ళకి అమలాపురం నుంచి తనిఖీకి ఒక ఆఫీసరుగారు వచ్చారు. తెర మీద పాఠం ఎలా జరుగుతోందో చూస్తామన్నారు. హెడ్మాస్టరుగారు ఆ ముందురోజే పిల్లలకి ఎక్కడ చేతులెత్తాలో, ఎక్కడ ఆయ్ అనాలో నేర్పించి పెట్టారు. ఖర్మ కాలి ఆఫీసరుగారు వెళ్ళి కూర్చున్నది తొమ్మిదో తరగతి లెక్కల క్లాసులో. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

తెర మీద గొంతు సరి సంఖ్యలు, బేసి సంఖ్యలు అంటూ ఏవో చెప్పి, "ఇప్పుడు మీరు చెప్పండి పిల్లలూ!" అంది. నేర్పించినట్టే చేతులన్నీ లేచాయి. టీచరుగారు తెరని ఆపారు. చేతులెత్తిన వాళ్ళందర్నీ వదిలేసి, ఎత్తని దీవెనని లేపారు.

"పక్కపక్కనుండే రెండంకెలు కూడితే ఎప్పుడైనా సరిసంఖ్య వస్తదామ్మా? రాకపోతే ఎందుకు రాదు?"

అడిగి, కళ్ళద్దాలు తీశారు.

ఆ పిల్లకి లెక్కలు వచ్చని పైవాళ్ళ ఎదుట ఒక్కసారి తేలితే ఆ రంగు మారుతుందని ఆవిడ ఆశ. అది నాకు తెలుసు, పిల్లకీ తెలుసు. క్లాసంతా ఊపిరి బిగబట్టింది. దీవెన పెదాలు కదులుతున్నాయి. ఒక అద్దం అయింది. ఆఫీసరుగారు వాచీ చూసుకున్నారు. హెడ్మాస్టరుగారు చెమట తుడుచుకున్నారు. ఆఫీసరుగారు కుర్చీలో ముందుకి వంగి, "ఏమ్మా, చెప్పు, భయపడకు, రాదు అంతే కదా?" అన్నారు దయగా.

"తొందరపెట్టకండి సార్. పిల్ల చెట్టు మీదుంది," అన్నారు టీచరుగారు.

ఆఫీసరుగారు బిత్తరపోయి కిటికీలోంచి బయటికి చూశారు.

సరిగ్గా అప్పుడు, ఇంతసేపు ఎవరూ తనని ముట్టుకోకపోయేసరికి, తెర చిన్న పాట పాడి ఆరిపోయింది. గదిలో ఎవరూ లేరనుకుందది. నలభై మంది ఊపిరి బిగబట్టి ఆలోచిస్తుంటే దానికి ఖాళీ గదిలా కనపడింది.

"ఏమైందండీ దానికి?" అన్నారు ఆఫీసరుగారు.

"పడుకుందండి," అన్నారు హెడ్మాస్టరుగారు, ఏడుపు గొంతుతో.

ఇంకో ఇస్కూలు చూడాలని ఆఫీసరుగారు లేచారు. కారు గట్టెక్కి మలుపు తిరుగుతుండగా దీవెన నోరు తెరిచింది.

"రాదండి. కాయలు రెండు చేతుల్తో రెండేసి లెక్కెట్టి ఏత్తారు కదండీ. ఒక రాశి జతలుగా సరిపోతే పక్క అంకె రాశిలో ఒక కాయ మిగిలిపోద్దండి. రెండు రాశులూ కలిపేసినా ఆ కాయకి జత దొరకదండి."

అంత శుభ్రమైన రుజువు నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. హెడ్మాస్టరుగారు మాత్రం తల పట్టుకున్నారు. "ఇప్పుడు చెప్పి ఏం లాభమే తల్లీ!"

"లాభం దానికండీ, మనక్కాదు," అన్నారు టీచరుగారు. కానీ ఆవిడ మొహంలో కళ లేదు. పిల్లని గట్టెక్కించడానికి దొరికిన ఒక్క అవకాశమూ పోయిందని ఆవిడకి తెలుసు.

సాంకేతికతను వినియోగించుటలో అలసత్వం చూపినందుకు సంజాయిషీ ఇమ్మని ఆవిడకి మెమో వచ్చింది. ఆవిడ జవాబు రెండు ముక్కలు: "ప్రశ్న వేసినాను. జవాబు కొరకు ఆగినాను." ఇంకాస్త వినయంగా పొడిగించి రాయమని హెడ్మాస్టరుగారు బతిమాలారు. పొడిగిస్తే అబద్ధాలు వస్తాయండీ అన్నారావిడ.

ఏడాది చివరి టాబ్ పరీక్ష వచ్చింది. సిగ్నలు కోసం పిల్లల్ని వంతులవారీగా సైకిల్ స్టాండులో కూర్చోబెట్టాం. మొదటి పిల్ల రాస్తూ రాస్తూ నీడ కోసం నాలుగడుగులు పక్కకి జరిగింది. నెట్టు తెగిపోయింది. తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. ప్రశ్న అలాగే ఉంది. పైన కొవ్వొత్తి గీత మాత్రం కరగడం మానేసి నిలబడిపోయింది. మేమంతా "అయ్యో, నెట్టు పోయింది" అన్నాం. టీచరుగారొక్కరే కళ్ళద్దాలు సర్దుకుని ఆ గీతని చాలాసేపు చూశారు.

దీవెన వంతు వచ్చింది. ఆవిడ గొడుగు విప్పి, పిల్లనీ, టాబ్‌నీ గొడుగు కిందకి తీసుకున్నారు. సైకిల్ స్టాండులో ప్రశ్న తెరుచుకుంది. ఇద్దరూ గబగబా నడిచి వంటషెడ్డు వెనక్కి వెళ్ళారు. మా ఆవరణ మొత్తంలో సిగ్నలు బొత్తిగా అందని చోటది. చక్రం తిరుగుతూ ఉండేది. గీత ఆగిపోయేది. పిల్ల అరుగు మీద కూర్చుని ప్రశ్న కేసి చూస్తూ పెదాలు కదిపేది. ఆవిడ పక్కన కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకునేవారు. పిల్ల తలూపాక మళ్ళీ ఇద్దరూ గొడుగేసుకుని సైకిల్ స్టాండుకి వచ్చేవారు. జవాబు నొక్కేవారు. ఇంకో ప్రశ్న. మళ్ళీ వంటషెడ్డు. గుడ్లు ఉడకబెడుతున్న వంటావిడ గరిటె పట్టుకుని చూస్తూ నిలబడిపోయింది. పిల్లలు కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. ఎండలో ఆ ఇద్దరూ అలా అటూ ఇటూ తిరుగుతుంటే కాలవ గట్టు మీద పోయేవాళ్ళు ఏదో మొక్కు తీర్చుకుంటున్నారనుకున్నారు.

నేను ఉండబట్టలేక దారిలో ఆపి అడిగాను. "టీచరుగారూ, ఇది కాపీ కిందకి రాదాండీ?"

"పక్కదాని జవాబు చూస్తే కాపీ అండీ. దాని జవాబు అది చూసుకుంటే కాపీ ఏంటండీ?" అన్నారు ఆయాసపడుతూ. "ప్రశ్న వాళ్ళది, జవాబు పిల్లది. మధ్యలో ఆలోచించుకునే వేళ కూడా వాళ్ళదే అంటే ఎలాగండీ?"

హెడ్మాస్టరుగారు తన గదిలోంచి అంతా చూశారు. బయటికి వస్తే ఆపాలి, ఆపకపోతే మాట వస్తుంది. అందుకని లోపలే కూర్చుని గుడ్ల ఫోటోలు పంపుకున్నారు. ఆయన జన్మలో చేసిన ఘనకార్యం నా దృష్టిలో అదే.

ఆఖరి జవాబు నొక్కగానే తెర మీద పువ్వులు రాలాయి. చిక్కటి పచ్చరంగు వచ్చింది. తేనె గొంతు, "శభాష్! నువ్వు చాలా చురుకైన విద్యార్థివి!" అంది.

మధ్యాహ్నం తల్లిని పిలిపించి చూపించారు. ఆ తల్లి తడి చేతులు చీరకి తుడుచుకుని టాబ్ పట్టుకుంది. ఆ గొంతుని మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని వింది. కూతురి తల మీద చెయ్యేసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"చూసేరా టీచరుగారూ, మిషనే చెప్పింది చురుకైందని! మీరేమో ఎప్పుడూ నెమ్మదైన పిల్ల, నెమ్మదైన పిల్ల అనేవోరు. సదివిత్తానండీ. ఎంతవరకైనా సదివిత్తాను."

"ఆయ్," అన్నారు టీచరుగారు.

సాయంత్రం గట్టు మీద ఇద్దరం ఆటో దగ్గరికి నడుస్తున్నాం. ఆవిడ, "ఏడాది పొడుగూతా నోరు నొప్పెట్టేలా చెప్పేనండీ ఆ తల్లికి. పచ్చరంగు చీర కట్టుకుని చెప్పాల్సిందేమో," అని నవ్వారు. ఆ నవ్వు వెనక ఆవిడ బాధ పడుతున్నారని నాకు తెలిసింది. ఓదారుద్దామని మాటలు వెతుక్కుంటుంటే ఆవిడే అన్నారు: "పోనివ్వండి మేష్టారూ. ఎవరు చెప్తే ఏంటండీ, పిల్ల బళ్ళోనే ఉంది కదా."

మరుసటి ఏడాది దీవెన పది పాసైంది. ఆ వేసవిలోనే టీచరుగారు రిటైరయ్యారు. మేం శాలువా కప్పాం. హెడ్మాస్టరుగారు అది కూడా ఫోటో తీసి పైకి పంపారు.

మొన్న శనివారం కొత్తపేట దగ్గర ఆవిడ ఊరి చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. పాత స్టాఫు అంతా ఒక వరుసలో కూర్చున్నాం. ఇప్పుడు మాలో కళ్ళద్దాలు లేనివాళ్ళు లేరు. నాకూ నిరుడే వచ్చాయి. గల్ఫులో ఉన్న బంధువుల కోసం టీచరుగారి చెల్లెలి కొడుకు ఫోను స్టాండుకి బిగించి లైవు పెట్టాడు. సిగ్నలు ఎప్పుడు పోతుందోనని అతని ప్రాణం గిలగిల్లాడుతోంది. పాటలయ్యాయి, వాక్యం అయింది. శిష్యులు ఎవరైనా రెండు మాటలు చెప్పండని పాస్టరుగారు అడిగారు.

వెనక వరుసలో తల్లి పక్కనుంచి దీవెన లేచి వచ్చింది. ఇప్పుడు పాలిటెక్నిక్ చదువుతోంది. అందులోనూ కంప్యూటరు బ్రాంచి. మైకు ముందు నిలబడింది. పెదాలు కదులుతున్నాయి. మాట రావడం లేదు.

చర్చిలో ఫాన్లు తిరుగుతున్న చప్పుడు. లైవు అబ్బాయి తొందరగా కానిమ్మని చేత్తో సైగ చేశాడు. ముందు వరుసలో ఎవరో, "మర్చిపోయినట్టుంది పాపం, కూర్చోమనండి" అన్నారు. పాస్టరుగారు తరవాతి పాట చెప్పడానికి పుస్తకం తెరవబోయారు.

నేను కళ్ళద్దాలు తీశాను. జేబులోంచి రుమాలు తీసి ఒక అద్దం తుడవడం మొదలుపెట్టాను. నా పక్కన సోషల్ మేష్టారు నన్ను చూసి తనవి తీశారు. ఆ పక్కన హిందీ టీచరు. వరుస చివర్లో హెడ్మాస్టరుగారు మమ్మల్ని వింతగా చూసి, కాసేపటికి అర్థమై, మోగుతున్న ఫోనుని జేబులోకి తోసేసి, కళ్ళద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకోసాగారు. పాస్టరుగారి చెయ్యి పుస్తకం మీదే ఆగిపోయింది.

రెండో అద్దం సగంలో ఉండగా ఆ పిల్ల తలెత్తి మా వరుస కేసి చూసింది.

"టీచరుగారు నా కోసం ఆగేరండీ," అంది. "అందుకే నేను కువైట్ వెళ్ళలేదండీ."

అంతే చెప్పి, వెళ్ళి తల్లి పక్కన కూర్చుంది.